నీడ పట్టే పలక

…అందుకే వదినా, ఇంత ఆలస్యమైందని ఏమీ అనుకోకు. నువ్వడిగింది ఒక్క ముక్క. మీ అమ్మాయి కంప్యూటర్లో బొమ్మలు గీసుకునే పలక కొనమంటోంది, స్క్రీను ఉన్నది కొనాలా, లేనిది కొనాలా, మీ తోడికోడలు ఏది కొన్నదో కనుక్కుని చెప్పు, అన్నావు. ఒక్క ముక్కలో వాయిస్ మెసేజ్ పెట్టేద్దామనే ఫోను తీశాను. చెప్పడం, చెరిపెయ్యడం, మళ్ళీ చెప్పడం, ఇదే సరిపోయింది. ఎందుకంటే ఒక్క ముక్కలో చెప్తే నువ్వు గబుక్కున అదే కొనేస్తావు. అది మీ పిల్లకి పనికిరాకపోతే జీవితాంతం నన్ను దెప్పుతావు. నీ సంగతి నాకు తెలియదా. అందుకని మొదట్నుంచీ చెప్తా, గిన్నెలు తోముకుంటూ విను.

మా తోడికోడలి పని నీకు తెలుసుగా. పొద్దున్నే డబ్బా కట్టుకుని బస్సెక్కి గేట్ల వర్క్‌షాపుకి పోతుంది. ఇనప గేట్లు, కిటికీ గ్రిల్సు, మెట్ల రైలింగులు చేసే చోటు. పెద్ద రేకుల షెడ్డు, ఒక పక్కంతా కడ్డీలు, ఇంకో పక్క రంగుల డబ్బాలు, మధ్యలో నున్నటి సిమెంటు నేల. ఆ నేలే ఆమె బల్ల. వెళ్ళగానే ఊడుస్తుంది, తడిబట్ట పెట్టి తుడుస్తుంది, ఆరేదాకా టీ తాగుతుంది. ఆ తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని సుద్దముక్కతో గేటుని అసలు సైజులోనే గీస్తుంది. తీగలు, ఆకులు, సుడులు, అన్నీ. వేళ్ళతో కాదు, భుజం నుంచి తిప్పి గీస్తుంది, బావిలోంచి నీళ్ళు తోడినట్టు. ఆ గీత మీద కడ్డీ ఆనించి వెల్డర్లు వంచుకుంటారు. గీత ఎంత తిరిగితే కడ్డీ అంత తిరుగుతుంది.

ఆమె కుడిచేతి నీడ చేతికంటే ముందు పోతుందని నువ్వు కూడా చూసే ఉంటావు. మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు చెయ్యి ఒళ్ళోనే ఉంది, నీడ మాత్రం వెళ్ళి మంచినీళ్ళ గ్లాసు పట్టుకుంది. మా అత్తగారు గ్లాసు కొంచెం దగ్గరికి జరిపింది, అంతే. ఇప్పటికీ వంటింట్లో అదే వరస. "ఇదిగో, నీడ ఉప్పు డబ్బా దాకా పోయింది, ఆగు, నేనేశాను," అంటుంది. పేకాటలో మటుకు ఆమెని మా ఆయన, మరిది ఇద్దరూ కలిసి దోచేస్తారు. ఏ ముక్క తీస్తుందో నీడ ముందే చెప్పేస్తుంటే ఇంకేం ఆడుతుంది పాపం.

గీయడం కూడా అంతే. నేల మీద నీడ ముందు గీసుకుంటూ పోతుంది, సుద్ద పట్టుకున్న చెయ్యి దాని వెనకాలే పోతుంది. "నేను గీసేదేం లేదక్కా, నీడ గీసింది దిద్దుతాను, అంతే," అనేది. చిన్నపిల్లలు అక్షరాలు దిద్దినట్టన్నమాట.

ఇలా హాయిగా సాగుతుంటే పెద్ద ఓనరు మోకాళ్ళు అరిగి ఇంట్లో కూర్చున్నాడు, కొడుకొచ్చాడు. చిన్న ఓనరు చెడ్డవాడేం కాదు. ఆ కడ్డీల మధ్యే దోగాడాడు, మా తోడికోడల్ని పిన్నిగారూ అంటాడు. కాకపోతే రావడం రావడమే ఇనప రేకుని బట్ట కత్తిరించినట్టు కత్తిరించే మిషను కొన్నాడు. దానికి సుద్దగీతలు అర్థం కావు, కంప్యూటర్లో గీసింది పంపాలి. దాని మీద కూర్చోడానికి ఒకతన్ని పెట్టాడు. పొద్దస్తమానం మౌసు పట్టుకునే ఉంటాడని వెల్డర్లు అతనికి ఎలుకబాబు అని పేరు పెట్టారు. అతను నిచ్చెనెక్కి, ఆమె నేల మీద గీసిందాన్ని ఫోటో తీసి, దాని మీద మౌసుతో గీత గీసుకునేవాడు. మాటా పలుకూ తక్కువ. ఈమెకి అతనంటే పడేది కాదు. నా పీట లాక్కోడానికే వచ్చాడని అనుకునేది.

అప్పుడొచ్చింది లైబ్రరీ పని. కొత్తగా కట్టిన పెద్ద లైబ్రరీకి, కింద నుంచి పైదాకా మెట్ల రైలింగు. చిన్న ఓనరు పిలిచి, ఫోటోలూ నిచ్చెనలూ ఇంక కుదరవు పిన్నిగారూ, మీరే కంప్యూటర్లో గీయాలి, పలక నేను కొంటాను, గీసేది మీరు కాబట్టి ఎంచుకునేది మీరే, అన్నాడు. సోమవారం లైబ్రరీ ఇంజినీరు మేడం వస్తుందనీ, ఆవిడ ముందే ఒక వరస గీసి చూపించాలనీ చెప్పాడు. కుదరకపోతే ఏం ఫర్వాలేదు, గీసే పని ఎలుకబాబు చూసుకుంటాడు, మీరు రంగుల సెక్షన్లో నీడపట్టున కూర్చోవచ్చు, అన్నాడు. మర్యాదగానే అన్నాడు. మర్యాదగా అంటే ఇంకా భయం కదా వదినా, తిట్టినవాణ్ణయితే తిరిగి ఓ మాటైనా అనొచ్చు.

ఆ సాయంత్రం డాబా మీద ఆరిన బట్టలు తీస్తున్నాం. నేను దుప్పటి రెండు కొనలు పట్టుకున్నా, ఆమె రెండు పట్టుకుంది, మడత పెట్టాలి. దుప్పటి అలలు అలలుగా కదులుతోంది. గాలేమో అనుకున్నా. ఆకు కదలట్లేదు. అప్పుడు చూశా, ఆమె కుడిచెయ్యి మణికట్టు దగ్గర్నుంచి వణుకుతోంది, పిట్టని పట్టుకున్నట్టు. గోడ మీద నీడ మాత్రం నిలకడగా దుప్పటి మడత పెట్టేసి పక్కన పెట్టేస్తోంది.

"ఎప్పట్నుంచే ఇది?" అన్నా.

"చాలా రోజులైంది. డాక్టరు ఇది తగ్గేది కాదు, పెరక్కుండా చూసుకుందాం అన్నాడు." దుప్పటి వదిలేసి ఎడంచేత్తో కుడిచెయ్యి గట్టిగా పట్టుకుంది. "నా చెయ్యి నా మాట వినట్లేదక్కా. నీడ వింటోంది. ఎవరికీ చెప్పకు. ఆయనక్కూడా."

మరి ఇన్నాళ్ళు ఎలా నెట్టుకొచ్చావే అంటే చెప్పింది. నేల మీదయితే వణికినచోట తడిబట్టతో తుడిచి మళ్ళీ గీస్తుందట. మిగిలింది వెల్డర్లు చూసుకునేవాళ్ళు. కడ్డీ వంచేవాడికి కళ్ళుంటాయి, వణుకు వదిలేసి వంపు పట్టుకుంటాడు. మిషనుకి కళ్ళెక్కడివి? వణుకుని కూడా శ్రద్ధగా కోసిపెడుతుంది. సోమవారం అందరి ముందూ వణికితే రంగుల సెక్షను కాదు, ఇంటికే. "గీయకపోతే నేనేం చెయ్యనక్కా?" అంది. దుప్పటి మడత పెట్టి లోపలికి తెచ్చాం.

మర్నాడు పలకలమ్మే షాపుకి ఇద్దరం వెళ్ళాం. మా వంటింటి గట్టు మీదుండే టేబుల్ లైటు సంచీలో పెట్టుకుని వెళ్ళాం, అది లేకపోతే నీడ సరిగా పడదని. షాపాయన కళ్ళజోడు మీదుగా లైటుని చూసి, నీడతో పనా అమ్మా, అని ప్లగ్గు చూపించాడు. వ్యాపారం తెలిసిన మనిషి.

ముందు స్క్రీను ఉన్న పలక పెట్టాడు. అబ్బ, అద్దంలా ఉందనుకో. పెన్నుతో ఎక్కడ గీస్తే అక్కడే గీత వస్తుంది, కాయితం మీద గీసినట్టేనమ్మా, అన్నాడు. నాకు తెగ నచ్చేసింది. మా తోడికోడలు పెన్ను పట్టుకుని వంగింది, వంగి అలాగే ఆగిపోయింది. వెలుగు కింద నుంచి వస్తోంది వదినా. కింద నుంచి దీపం వెలుగుతుంటే దాని మీద నీడెక్కడ పడుతుంది? నేను టేబుల్ లైటు ఎంత దగ్గర పెట్టినా ఏదో మాసినట్టుందే తప్ప నీడ లేదు. అయినా గీసింది. తాగిన చీమ నడిచినట్టొచ్చింది గీత.

షాపాయన గీతని చూశాడు, ఆమె చేతిని చూశాడు. సాఫ్ట్‌వేరులో ఒక సెట్టింగు మార్చాడు. గీత వణికితే అదే సాపు చేస్తుందట. మళ్ళీ గీసింది. వణుకు పోయింది, నిజమే, దాంతోపాటు సుడి కొస కూడా పోయింది. తీగ చివర ముడుచుకోవాల్సిన చోట గుండ్రంగా మొద్దుబారిపోయింది. "ఇది నా గీత కాదక్కా," అని పెన్ను కింద పెట్టేసింది.

తర్వాత స్క్రీను లేనిది, చిన్నది, నల్ల అట్టముక్కలా ఉంది. దీని మీద గీస్తే ఎదురుగా ఉన్న కంప్యూటర్లో కనబడుతుంది. నల్లటిదైనా లైటు పెడితే నీడ తెలుస్తోంది. కానీ ఆమె గీసేది భుజంతో. ఒక్క వంపు తిప్పేసరికి నీడ పలక దాటి గల్లాపెట్టె మీదకి పోయింది. షాపాయన తన కాఫీ కప్పు పక్కకి జరుపుకున్నాడు. ఇంకోటి పెద్దదే గానీ నిగనిగలాడుతోంది, దాని మీద నీడ నిలవలేదు, జారిపోయింది. నాకు చెమటలు పడుతున్నాయి. షాపులో ఇంకెన్నుంటాయి చెప్పు.

ఆఖరికి అటక మీంచి ఒకటి దించాడు. స్క్రీను లేదు, పెద్ద ట్రే అంత ఉంది, పైన గరుకుగా సుద్దబల్లలా ఉంది. దీన్ని ఎవరూ అడగరమ్మా, బల్లంతా ఆక్రమిస్తుంది, అన్నాడు. అందరూ కంప్యూటర్ కేసి చూస్తూ గీస్తారు, మీరు కూడా చేతిని చూడకండి, మొదట్లో కష్టంగానే ఉంటుంది, అన్నాడు. ఆమె వినిపించుకోలేదు. తల వంచుకుని పలక మీద నీడనే చూస్తూ పెన్ను ఆనించింది. టేబుల్ లైటు కురచగా ఉండి నీడ అడ్డదిడ్డంగా పడుతోంటే నేనే చేత్తో ఎత్తి పట్టుకుని, ఆమె చెయ్యి ఎటు పోతే అటు వంచుతూ నిలబడ్డా.

కంప్యూటర్లో గీత కదిలింది. నేనూ షాపాయనా అటే చూస్తున్నాం. ఎక్కడా జంకు లేదు. తీగ సాగింది, తిరిగింది, కొసన సూదిలా ముడుచుకుంది. అది ముడుచుకున్నాక పలక కేసి చూస్తే ఆమె పెన్ను ఇంకా తీగ మధ్యలోనే ఉంది, వణుకుతూ.

"ఇదేంటండీ, నీడని పట్టుకుంటోందా?" అన్నా.

"పెన్ను ఆనకపోయినా, కాస్త పైన తేలుతున్నా కనిపెడుతుందమ్మా ఇది. నీడ సంగతి డబ్బా మీద రాయలేదు," అని డబ్బా తిప్పి చూశాడు. "పట్టదని కూడా రాయలేదు. గ్యారంటీ మటుకు పెన్నుకీ పలకకీ. నీడకి ఉండదు."

అదే తీసుకున్నాం. దారంతా పలకని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, బస్సు కుదుపుకి దానికేమన్నా అవుతుందేమోనని. ఇంటికొచ్చి తలుపులేసుకుని ఇద్దరం సాధన చేశాం. నేను లైటు పట్టాలి, నీడ ఒక్కటే పడాలి, నోరు మెదపకూడదు. మూడోది నాకెంత కష్టమో నీకు చెప్పాలా.

సోమవారం వచ్చింది. ఆమెతో నేనూ వెళ్ళా, లైటు మోసుకుని. వెళ్ళేసరికి ఏం చూశామంటావు? వెల్డర్లు మా పిన్నిగారి పనీ అని పండగ చేసినట్టు చేసి పెట్టారు. షెడ్డు మధ్యలో బల్ల, ఎదురుగా పెద్ద టీవీ, బల్లకి అటొకటి ఇటొకటి స్టాండ్ల మీద రాత్రిపూట పనికి వాడే పెద్ద ఫ్లడ్ లైట్లు. వెలుగు తక్కువ కాకూడదని. ఆ రెండు లైట్లూ తుడిచి మెరిపించారు కూడా. వాటి పక్కన నిలబడి మా కేసి చూసి నవ్వుతున్నారు. మా తోడికోడలు మొహంలో రక్తం లేదు.

ఇంజినీరు మేడం వచ్చి కూర్చుంది. చిన్న ఓనరు మా తోడికోడలి కుర్చీ వెనకాలే నిలబడ్డాడు. ఎలుకబాబు తన కంప్యూటర్ దగ్గర కూర్చుని అన్నీ కలిపాడు. ఈమె పెన్ను పట్టుకుంది. కుడి మణికట్టుని ఎడంచేత్తో బిగించి పట్టుకుంది. పలక మీద చూస్తే ఒక నీడ కాదు, మూడు. నా లైటుదొకటి, అటుదొకటి, ఇటుదొకటి. మూడూ ముందే పోతున్నాయి, మూడు తొందరల్లో. ఒకటి ఆకు గీస్తోంటే ఇంకోటి పువ్వు దగ్గరుంది, మూడోది అప్పుడే మెట్టు దాటేసింది. టీవీలో గీతలు చిక్కుపడ్డ ఊలు ఉండలా వచ్చాయి.

మేడం కుర్చీలో కాస్త వెనక్కి వాలింది. చెరిపి మళ్ళీ గీసింది ఈమె. మళ్ళీ అదే. షెడ్డులో ఎవరి సుత్తీ మోగట్లేదు. నాకు నోటిదాకా వచ్చింది, ఆ దిక్కుమాలిన లైట్లు తియ్యండర్రా అని. కానీ ఎందుకూ అంటే ఏం చెప్పాలి? నీడలు ఎక్కువయ్యాయని చెప్పేలోపే చిన్న ఓనరు దాన్ని కనిపెట్టేశాడు, భుజం మీదుగా వంగి మెత్తగా అన్నాడు.

"నీడ చెదిరినట్టుంది. పోనీ వదిలెయ్యండి పిన్నిగారూ, నీడతో పనేంటి, చెయ్యి ఉంది కదా. చేత్తో గీసెయ్యండి."

చెయ్యి ఉంది కదా. ఆ మాటకి ఆమె నా కేసి చూసింది వదినా. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. పెన్ను కొస పలక మీద టకటకమని కొట్టుకోవడం నాకు వినబడుతోంది. ఇంకెవరికైనా వినబడుతోందేమోనని నేను ఊరికే దగ్గా.

అప్పుడు లేచాడు ఎలుకబాబు. "ఈ లైట్ల దెబ్బకి నా స్క్రీను మీద ఏం కనబడి చావట్లేదు," అని విసుక్కుంటూ వెళ్ళి, అటు లైటు ఆపాడు, ఇటు లైటు ఆపాడు. వెల్డర్లు మొహాలు మాడ్చుకున్నారు. "కరెంటేమన్నా నీ బాబు కడుతున్నాడా," అని గొణిగాడు ఒకడు. అతను పట్టించుకోలేదు. తిరిగొస్తూ నా పక్కన ఒక్క క్షణం ఆగి, నా మోచేతిని కొంచెం పైకెత్తాడు, లైటు సరైన చోటికొచ్చేలా. అప్పుడర్థమైంది నాకు. ఇన్నాళ్ళూ ఫోటోల మీద ఆమె గీతలు దిద్దింది అతనే కదా. ప్రతి వణుకూ చూసినవాడు, ప్రతి వణుకూ సాపు చేసినవాడు, ఎవరికీ ఒక్క మాట చెప్పినవాడు కాదు. మేమేమో అతన్ని ఎలుక అన్నాం.

ఒక్కటే లైటు. ఒక్కటే నీడ. బయల్దేరింది.

కింది మెట్టు దగ్గర తీగ మొలిచింది, మెట్టు మెట్టుకీ ఒక ఆకు, మలుపు దగ్గర సుడి. అందరూ టీవీ చూస్తున్నారు, నేను లైటు వంచుతూ పలక చూస్తున్నా. చెయ్యి సగం దూరం వచ్చి ఇంక రాలేకపోయింది. ఆగిపోయింది. ఎడంచెయ్యి కూడా వదిలేసింది ఆమె. పెన్ను పట్టుకున్న చెయ్యి పలక అంచున పడుకుని, బల్లతో సహా వణుకుతోంది. నీడ మాత్రం ఆగలేదు. తన పెన్ను తను పట్టుకుని పై అంతస్తు దాకా ఎక్కింది. అయిపోయిందనుకున్నాం. మళ్ళీ కిందికి దిగింది. అసలు రైలింగుకి జానెడు కిందగా, గోడ వైపు, ఎవరూ అడగని ఇంకో సన్నటి కడ్డీ గీసుకుంటూ వచ్చింది, మొదటి మెట్టు దాకా.

"ఇది బాగుంది," అంది మేడం. "ఈ కింది కడ్డీ ఎందుకు?"

మా తోడికోడలికి కూడా తెలియదు ఎందుకో. నీడ గీసిందాన్ని చూసింది, తన చేతిని చూసుకుంది. దాచలేదు, బల్ల మీదే ఉంచింది.

"పట్టుకోడానికమ్మా," అంది. "పైది ఊరికే చెయ్యి వేసుకునేవాళ్ళకి. ఇది, పట్టుకోకపోతే ఎక్కలేనివాళ్ళకి."

అందరూ అప్పుడు చూశారు చేతిని. టీవీలో గీత నిశ్చలంగా ఉంది, బల్ల మీద చెయ్యి వణుకుతోంది. నేను లైటుని రెండు చేతులతో పట్టుకున్నా. నేల మీద ఆమె సుద్దతో గీసిన పాత గేటు గీతలు ఇంకా కొంచెం కనబడుతున్నాయి, చిన్న ఓనరు వాటికేసి చూశాడు. ఆ తర్వాత అడిగిందొక్కటే.

"మరి రోజూ లైటెవరు పట్టుకుంటారు పిన్నిగారూ?"

ఇంకేముంది, అందరూ నాకేసి తిరిగారు.

అదీ వదినా సంగతి. అందుకే ఈమధ్య నువ్వెప్పుడు ఫోను చేసినా ఎత్తట్లేదు. పొద్దున్నే ఇద్దరం డబ్బాలు కట్టుకుని బస్సెక్కుతున్నాం. మా అత్తగారు, కోడళ్ళిద్దరూ అక్కడ లైట్లు పట్టుకుంటే ఇక్కడ నాకెవరే పట్టేది అని సాధిస్తోంది, పైకే లే, డబ్బాలు కట్టేది ఆవిడే. ఎలుకబాబుకి కూడా ఒక డబ్బా వెళ్తోంది.

రైలింగు బిగించేశారు. నిన్న చూసొద్దామని వెళ్ళాం. పైదాకా నల్లగా మెరుస్తూ తీగ. నేను పై కడ్డీ మీద చెయ్యి వేసుకుని ఎక్కా. ఆమె కింది సన్నటి కడ్డీ పట్టుకుంది, అలా పట్టుకోగానే చెయ్యి కుదురుకుంది. కిటికీలోంచి ఎండ పడుతోంది. నీడ ఎప్పట్లాగే ముందు పోయింది, కడ్డీ పట్టుకుని గబగబా పై మెట్టు దాకా. అక్కడ ఆగింది వదినా. ఎన్నేళ్ళుగా చూస్తున్నా, అది ఆగడం నేనెప్పుడూ చూళ్ళేదు. చెయ్యి ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చేదాకా అక్కడే ఆగి…

ఆ, వస్తున్నా, వస్తున్నానే. మా తోడికోడలు పిలుస్తోంది, నీడ అప్పుడే మొదలెట్టేసిందట, లైటు లేకుండా. ఇదిగో, మీ అమ్మాయికి ఏది కొనాలంటే, నువ్వు కంగారుపడి స్క్రీను ఉన్నదే కొనెయ్యకు, ముందు ఒక టేబుల్ లైటు తీసుకెళ్ళి, పిల్ల చేతి నీడ ఎటు…

వస్తున్నా అంటున్నానుగా